తొలి జింక వేటకు ఏ తుపాకి, ఏ తూటా? తెగని వాదనపై ఒక సమీక్ష

అమెరికాలో ఆగస్టు దాటిందంటే తుపాకుల దుకాణాల్లో ఒక ప్రశ్న మొదలవుతుంది. ఈ ఏడాది మొదటిసారి జింక వేటకు వెళ్తున్నాను, ఏ తుపాకి కొనమంటారు? జవాబులకు కొదవ ఉండదు. .30-30 ఉంటే చాలని ఒకరంటారు. .30-06 చేతిలో ఉంటే ఇంక దేని గురించీ ఆలోచించనక్కర్లేదని ఇంకొకరు. 6.5 క్రీడ్‌మోర్ వచ్చాక పాతవాటితో పనేమిటని మూడోవారు. అడిగిన మనిషి వచ్చినప్పటికన్నా ఎక్కువ అయోమయంతో ఇంటిముఖం పడతాడు.

ఈ జవాబుల్లో ఏదీ గాలికి పుట్టింది కాదు. ఒక్కోదాని వెనక ఒక కాలం ఉంది, ఒక భూభాగం ఉంది, ఒక అనుభవం ఉంది. వేర్వేరు కాలాల్లో వేర్వేరు జంతువుల గురించి చెప్పిన మాటలన్నీ కలిసిపోయి కొత్తవారి నెత్తిన ఒక్కసారిగా పడటమే చిక్కు. తప్పు ఎంపికకు మూల్యం చెల్లించేది కొన్న మనిషి ఒక్కడే కాదు. పొట్టలో గుండు దిగి పొదల్లోకి పారిపోయిన జింక గంటల తరబడి ఆ మూల్యం చెల్లిస్తుంది. అందుకే ఈ సమీక్షలో ప్రతి వాదనకూ ఒకటే కొలబద్ద: కొత్త చేతుల్లో ఆ తుపాకి జింకను త్వరగా, బాధ లేకుండా పడగొట్టే అవకాశాన్ని పెంచుతుందా, తగ్గిస్తుందా?

మన దేశంలో ఈ ప్రశ్నకు తావు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చుక్కల దుప్పినైనా, కణితినైనా, కృష్ణజింకనైనా వేటాడటం నేరం. అమెరికా నడిచిన దారి వేరు. పందొమ్మిదో శతాబ్దంలో మాంసం కోసం, తోళ్ల కోసం అడ్డూ అదుపూ లేకుండా సాగిన వేటతో అక్కడి తెల్లతోక జింక 1900 నాటికి చాలా ప్రాంతాల్లో కనుమరుగైంది. ఆ ఏడాదే వచ్చిన లేసీ చట్టం అక్రమంగా వేటాడిన జంతువులను రాష్ట్రాలు దాటించి అమ్మడాన్ని నేరం చేసింది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వేట తుపాకుల మీద, తూటాల మీద వసూలయ్యే 11 శాతం పన్నును వన్యప్రాణుల పునరుద్ధరణకు మళ్లించింది. ఇప్పుడా జింకలు దాదాపు 3 కోట్లని అంచనా. పంటలను మేసి, రోడ్ల మీద కార్లకు అడ్డుపడేంతగా పెరిగిన మందలను అదుపులో ఉంచడానికి రాష్ట్రాల వన్యప్రాణి శాఖలే సీజన్లు పెట్టి, లెక్కకట్టి వేట అనుమతులు ఇస్తున్నాయి.

పొగలేని మందుతో మొదలైన కథ

ఈ వాదన 1890ల్లో మొదలైంది. అంతకుముందు నల్ల తుపాకిమందుతో లావైన సీసపు గుండ్లను నెమ్మదిగా విసిరే తుపాకులే ఉండేవి. దెబ్బ బలంగా ఉండాలంటే గుండు లావుగా ఉండాలి, అంతకుమించి ఆలోచించాల్సింది లేదు. పొగలేని మందు రావడంతో సన్నని గుండును రెట్టింపు వేగంతో పంపే వీలు కలిగింది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1894 మోడల్ విన్‌చెస్టర్ లివర్ రైఫిల్‌కు మరుసటి ఏడాది .30-30 తూటా జతకలిసింది. పొగలేని మందు కోసమే తయారైన తొలి అమెరికన్ వేట తూటా అది. తూర్పు రాష్ట్రాల దట్టమైన అడవుల్లో జింక నూరు గజాల లోపే ఎదురుపడుతుంది. అంత దూరానికి ఈ జోడీ అతికినట్టు సరిపోయింది.

దానికో హద్దు కూడా ఉంది. ఆ రైఫిల్‌లో తూటాలు గొట్టం కింద ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి బారుగా ఉంటాయి. వెనక తూటా కొన ముందు తూటా అడుగున మందును అంటించే ప్రైమర్‌ను తాకుతూ ఉంటుంది. కొన సూదిగా ఉంటే కుదుపుకు పేలే ప్రమాదం కాబట్టి గుండు మొన చదునుగా చేశారు. చదును మొన గాలిని చీల్చుకుపోలేక త్వరగా వేగం కోల్పోతుంది. అందుకే నూటయాభై గజాలు దాటాక .30-30 బలం తగ్గుతుంది. మెత్తని ప్లాస్టిక్ మొన ఉన్న గుండ్లు ఈ శతాబ్దంలో వచ్చి ఆ దూరాన్ని కొంత పెంచాయి.

1906లో అమెరికా సైన్యం .30-06ను చేపట్టింది. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు బోల్ట్ యాక్షన్ రైఫిల్ అలవాటును ఊళ్లకు తెచ్చారు. ఆ తూటా గుల్ల నుంచే 1925లో .270 పుట్టింది. 1952లో వచ్చిన .308 అదే పనిని కాస్త పొట్టి గుల్లతో చేసి చూపింది. ఆ .308 గుల్ల మూతిని సన్నగా నొక్కితే 1955లో .243 అయింది, 1980లో 7మి.మీ.-08 అయింది. 2007లో హోర్నడీ సంస్థ 6.5 క్రీడ్‌మోర్‌ను తెచ్చింది. అంటే కొత్తవారి ముందు పెట్టే పేర్లలో సగం ఒకే కుటుంబానివి. దుకాణంలో పరాయివాళ్లలా కనిపించే .243, 7మి.మీ.-08, .308 మూడింటికీ ఒకే గుల్ల ఆధారం.

1955లో జరిగిన ఒక పోటీని ఇక్కడ చెప్పుకోవాలి. విన్‌చెస్టర్ .243ను తెచ్చిన ఏడాదే రెమింగ్టన్ కూడా అదే వ్యాసం గుండుతో .244ను తెచ్చింది. రెమింగ్టన్ దాన్ని ప్రధానంగా చిన్న జంతువుల వేటకు అనుకుంది. గొట్టం లోపలి మెలిక గాళ్లను 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేలా వేసింది. తేలిక గుండ్లకు ఆ మెలిక చాలు, జింకకు వాడే 100 గ్రెయిన్ల పొడవాటి గుండ్లకు చాలదన్న పేరు పడింది. (7,000 గ్రెయిన్లు కలిస్తే ఒక పౌండు.) విన్‌చెస్టర్ 10 అంగుళాలకు ఒక చుట్టు పెట్టింది. ఒకే తుపాకితో జింకను కూడా వేటాడాలనుకున్న జనం .243 వైపు వెళ్లారు. 1963లో రెమింగ్టన్ మెలిక మార్చి, పేరు కూడా 6మి.మీ. రెమింగ్టన్ అని మార్చినా అప్పటికే ఆలస్యమైపోయింది. తుపాకి, తూటా విడివిడిగా కొనే వస్తువులు కావని, ఒకదాన్ని బట్టి మరొకటని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

వేగమా, బరువా?

ఇరవయ్యో శతాబ్దం మధ్య దశాబ్దాల్లో ఈ వాదనకు ఇద్దరు రచయితలు ముఖాలయ్యారు. ఔట్‌డోర్ లైఫ్ పత్రికలో ఏళ్ల తరబడి రాసిన జాక్ ఒకానర్ .270ను నెత్తిన పెట్టుకున్నాడు. తేలిక గుండు, ఎక్కువ వేగం, చదునైన ప్రయాణం, సరైన చోట దెబ్బ, ఇదీ ఆయన సూత్రం. ఐడహోకు చెందిన ఎల్మర్ కీత్ దీనికి పూర్తిగా ఎదురు. లావైన, బరువైన గుండు ఎముకను విరిచి అవతలి పక్కకు పోవాలనీ, వేగాన్ని నమ్ముకోవద్దనీ ఆయన పట్టు.

ఇద్దరి వాదనలోనూ పస ఉంది. గుండులోని శక్తి బరువుతో పాటు పెరుగుతుంది, వేగంతో అయితే వేగపు వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. కాగితం మీద వేగమే గెలుస్తుంది. కానీ లోతుకు దిగడంలో బరువుకు మేలు ఉంది. ఆ కాలపు బలహీనమైన గుండ్లు ఎక్కువ వేగంతో తగిలినప్పుడు పైపైనే పగిలిపోయేవి కాబట్టి కీత్ అనుమానం అప్పట్లో సహేతుకమే.

అయితే కొత్త వేటగాడు ఒక సంగతి గమనించాలి. ఈ పోరు ప్రధానంగా పశ్చిమ పర్వతాల్లోని ఎల్క్ వంటి భారీ జంతువుల గురించి. మూడు వందల కిలోలు తూగే జంతువు కోసం జరిగిన వాదనలో వాడిన మాటలను యాభై, అరవై, పెద్దవైతే నూరు కిలోలుండే తెల్లతోక జింకకు అతికించడం వల్లే ఇప్పటికీ గందరగోళం సాగుతోంది. జింక విషయంలో .270 చాలా, .30-06 కావాలా అన్న ప్రశ్నే లేదు. రెండూ అవసరానికి మించినవే.

జింకను పడగొట్టడానికి గుండు తగిలేచోట వెయ్యి అడుగు-పౌండ్ల శక్తి ఉండాలనే మాట కూడా ఈ కాలపు సాహిత్యం ద్వారానే పాతుకుపోయింది. జింక శరీరం మీద ప్రయోగాలు చేసి తేల్చిన గీత కాదిది, అనుభవజ్ఞుల నోట స్థిరపడిన గుండ్రని అంకె. శక్తి తనంతట తాను జంతువును చంపదు. గుండె, ఊపిరితిత్తులు చిరిగి రక్తం పోయి, మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం వల్లనే జంతువు కూలుతుంది. ఆ చిరుగు ఎంత, ఎంత లోతు అన్నది గుండు ఎలా తయారైందన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అయినా కొలరాడో వంటి రాష్ట్రాలు ఈ వెయ్యి అంకెను నిబంధనల్లోకి ఎక్కించాయి. కొత్తవారికి అది కాదనలేని సత్యం కాకపోయినా, ఎంత దూరం దాకా కాల్చవచ్చో చెప్పే జాగ్రత్త గీతగా పనికొస్తుంది.

తన్ను, ఉలికిపాటు

శిక్షకులు ఎక్కువగా మాట్లాడేది, దుకాణాల్లో తక్కువగా వినిపించేది తుపాకి వెనక్కి తన్నే తన్ను గురించి. ఏడున్నర పౌండ్ల రైఫిల్‌తో లెక్కిస్తే ఈ తన్ను .243లో దాదాపు 9, 10 అడుగు-పౌండ్లు. 6.5 క్రీడ్‌మోర్, 7మి.మీ.-08లలో 12, 13 దాకా. .308లో 16, 17. .30-06లో ఇంచుమించు 20. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్‌లో 25 దాటుతుంది. 12 గేజ్ షాట్‌గన్‌లో బలమైన స్లగ్ (ఒకే పెద్ద గుండు) వేసి కాలిస్తే 30 దాకా పోతుంది. తూటా, గుండు మారితే ఈ అంకెలు అటూ ఇటూ జరుగుతాయి కానీ వరస మారదు.

ఈ అంకెల ఫలితం కాల్పుల మైదానంలో కళ్లకు కడుతుంది. శిక్షకుడు నాలుగు అసలు తూటాల తరవాత మందు లేని ఉత్తుత్తి తూటా ఒకటి, నేర్చుకునేవారికి తెలియకుండా పెడతాడు. నాలుగూ పేలతాయి, గుండ్లు అటో ఇటో పోతాయి, తప్పు స్కోప్‌దని అనుకుంటారు. ఐదోసారి ట్రిగ్గర్ నొక్కినప్పుడు టక్కుమన్న చప్పుడు తప్ప ఏమీ ఉండదు. కానీ గొట్టం కొన రెండంగుళాలు కిందికి వాలుతుంది, కళ్లు మూసుకుంటాయి, భుజం ముందుకు తోసుకొస్తుంది. పేలబోయే దెబ్బకు శరీరం ముందే ఉలిక్కిపడుతోందన్నమాట. ఇంకా పేలకముందే గురి తప్పిపోయింది. బలమైన తుపాకితో మొదలుపెట్టినవారిలో ఈ ఉలికిపాటు ఒకసారి పాతుకుంటే పోగొట్టడానికి నెలలు పడుతుంది.

దీని నుంచి పుట్టిన వాదం ఇది: జింకను పడగొట్టడానికి సరిపోయే తూటాల్లో అన్నిటికన్నా తక్కువ తన్నేది ఎంచుకోవాలి, ఎక్కువగా సాధన చేయాలి. ఎదుటి వాదం కూడా తీసిపారేయదగింది కాదు. జంతువు కళ్లముందు ఉన్నప్పుడు తన్ను ఎవరికీ తెలియదంటారు వారు. .243 వంటి చిన్న గుండు సరైన చోట తగిలితే సరే, రెండంగుళాలు పక్కకు జరిగితే ఆదుకునే వెసులుబాటు దానిలో ఉండదు కాబట్టి అది చేయి తిరిగినవారి తుపాకి అంటారు. మొదటి మాట నిజమే కానీ అసలు విషయాన్ని తప్పిస్తుంది. ఉలికిపాటు అలవాటయ్యేది జంతువు ముందు కాదు, సాధనలో. రెండో మాటలో కొంత బరువుంది. అందుకే చాలామంది శిక్షకులు మధ్యేమార్గంగా 7మి.మీ.-08నో, 6.5 క్రీడ్‌మోర్‌నో చూపుతున్నారు. ఇంట్లో ఇప్పటికే .308 లేదా .30-06 ఉంటే తన్ను తగ్గించి తయారుచేసిన తూటాలు దొరుకుతాయి. మొదటి ఏడాది అవి వాడి, తరవాత మామూలువాటికి మారవచ్చు.

పిల్లలకూ, చిన్నపాటి శరీరం ఉన్నవారికీ తుపాకి కొనేటప్పుడు ఒక పొరపాటు మళ్లీ మళ్లీ జరుగుతుంది. చిన్నమనిషి కదా అని పొట్టిగా, ఐదు పౌండ్ల బరువుతో ఉన్న రైఫిల్ తీసుకుంటారు. తుపాకి తేలికైన కొద్దీ అదే తూటా గట్టిగా తన్నుతుంది. చూడాల్సింది బరువు తగ్గిందా అని కాదు, పొడవు కుదిరిందా అని. తుపాకి మడమను మోచేతి మడతలో ఆనించినప్పుడు వేలి మొదటి కణుపు హాయిగా ట్రిగ్గర్‌ను అందుకోవాలి. అందకపోతే మెడ సాచి స్కోప్‌లోకి చూడాల్సి వస్తుంది, తుపాకి తన్నినప్పుడు స్కోప్ అంచు కనుబొమను కోస్తుంది. గొట్టం చివర బిగించే మజిల్ బ్రేక్ తన్నును తగ్గిస్తుంది కానీ చప్పుడును పక్కలకు, వెనక్కు మళ్లిస్తుంది. చెవులకు రక్షణ లేకుండా అడవిలో ఒక్కసారి కాల్చినా వినికిడికి నష్టమే.

గుండు లోపల ఏముంది

పేరు మీద, అంకెల మీద జరిగినంత చర్చ గుండు నిర్మాణం మీద జరగదు. నిజానికి ఎక్కువ తేడా చేసేది అదే. సైన్యాలు వాడే, పూర్తిగా రాగి తొడుగు ఉన్న గుండు వ్యాకోచించకుండా సన్నని రంధ్రం చేసుకుంటూ దూరిపోతుంది. జింక అక్కడికక్కడే చావదు, పారిపోయి చస్తుంది. చాలా రాష్ట్రాలు దాన్ని జింక వేటకు నిషేధించాయి. చవగ్గా దొరికే సాధన తూటాలు ఎక్కువగా ఈ రకానివే కనుక కొత్తవారు వేటరోజున అవే పట్టుకెళ్లే ప్రమాదముంది. వేటకు కావాల్సింది మెత్తని సీసం మొన బయటికి కనిపించే సాఫ్ట్ పాయింట్, లేదా ప్లాస్టిక్ మొన ఉన్న వ్యాకోచించే గుండు.

గుండు పగిలిపోకుండా వ్యాకోచించడం కోసం జరిగిన కృషికి రెండు మైలురాళ్లు. సీసాన్ని రెండు గదులుగా విడదీసి మధ్యలో రాగి గోడ పెట్టిన నాస్లర్ పార్టిషన్ 1948లో అమ్మకానికి వచ్చింది. ముందు భాగం విచ్చుకున్నా వెనక భాగం చెక్కుచెదరకుండా లోతుకు పోతుంది. 1989లో బార్న్స్ సంస్థ సీసమే లేని రాగి గుండును తెచ్చింది. కీత్ భయపడ్డ పైపైన పగిలిపోవడం ఇప్పుడు మంచి గుండ్లలో దాదాపు లేదు. ఈ కోణంలో చూస్తే ఆ పాత పోరును ఇంజినీర్లే తీర్చేశారు.

సౌత్ కరోలినా రాష్ట్ర సహజవనరుల శాఖ జీవశాస్త్రవేత్త చార్లెస్ రూత్ ఒక వేట క్లబ్బులో పడిన 493 జింకల వివరాలు సేకరించి చేసిన అధ్యయనం ఈ చర్చలో అరుదైన ఆధారం. .24 నుంచి .30 వరకు వేర్వేరు వ్యాసాల గుండ్లను పోల్చి చూస్తే, జింక ఎంత దూరం పరుగెత్తి పడిందన్న దానిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మెత్తగా, త్వరగా విచ్చుకునే గుండ్లు తగిలిన జింకలు గట్టి గుండ్లు తగిలినవాటికన్నా ఎక్కువగా అక్కడికక్కడే పడ్డాయి. భుజానికి తగిలిన దెబ్బ జింకను ఉన్నచోటే కూల్చింది. ఊపిరితిత్తులకు తగిలినవి కొన్ని పదుల గజాలు పరుగెత్తాయి. ఆచూకీ తీయడానికి శిక్షణ పొందిన కుక్కలు ఎంతో సాయపడ్డాయి.

ఒకే క్లబ్బు, ఒకే రాష్ట్రం, ఉత్తరాది జింకలకన్నా చిన్నవైన దక్షిణాది జింకలు, కూర్చుని నింపాదిగా కాల్చే మంచెలు. ఈ పరిమితులు గుర్తుంచుకోవాలి. ఆ జాగ్రత్త పడ్డాక కూడా దశాబ్దాలుగా నోటిమాటగా సాగిన వ్యాసాల పోరుకు ఇదొక గట్టి జవాబు.

చట్టమే ముందు నిర్ణయిస్తుంది

కొత్తవారు తుపాకి ఎంచుకోవడానికి ముందే సగం నిర్ణయం రాష్ట్రం చేసేసి ఉంటుంది. టెక్సస్‌లో సెంటర్‌ఫైర్ తూటా అయితే చాలు, .223తోనైనా జింకను వేటాడవచ్చు. వర్జీనియాలో గుండు వ్యాసం .23 అంగుళానికి తగ్గకూడదు. కొలరాడోలో .24కు తగ్గకూడదు, నూరు గజాల దగ్గర వెయ్యి అడుగు-పౌండ్లు ఉండాలి. పెన్సిల్వేనియాలో సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో జింక వేట కుదరదు. ఒక రాష్ట్రంలో నేర్చిన సలహా పక్క రాష్ట్రంలో జరిమానా తెచ్చిపెట్టగలదు.

మధ్య పశ్చిమంలో కథ ఇంకా వేరు. చదునైన పొలాలు, చెదురుమదురు ఇళ్లు ఉన్నచోట రైఫిల్ గుండు దూరం పోతుందన్న భయంతో చాలా రాష్ట్రాలు చిరకాలం షాట్‌గన్ స్లగ్‌లనే అనుమతించాయి. ఇక్కడ కొత్తవారు తెలుసుకోవాల్సిన జోడింపు ఒకటుంది. లోపల నున్నగా ఉన్న గొట్టానికి ఫాస్టర్ రకం స్లగ్, మెలిక గాళ్లున్న గొట్టానికి సాబట్ తొడుగున్న స్లగ్. తారుమారైతే గురి కుదరదు. కానీ స్లగ్‌ల తన్ను భుజాన్ని హింసిస్తుంది. అందుకే 2014లో ఓహియో, మిషిగన్ నిటారు గోడల గుల్ల ఉన్న రైఫిల్ తూటాలకు తలుపు తెరిచాయి. ఆ మార్కెట్టు కోసమే 2019లో విన్‌చెస్టర్ .350 లెజెండ్‌ను తెచ్చింది. తన్ను .243కు దగ్గరలో ఉంటూ నూటయాభై గజాల దాకా పనిచేసే ఈ తూటా ఆ రాష్ట్రాల కొత్త వేటగాళ్లకు నిజమైన మేలు చేసింది.

షాట్‌గన్ సురక్షితమన్న నమ్మకాన్నే ప్రశ్నించిన నివేదిక ఒకటుంది. పెన్సిల్వేనియా శాసనసభ కమిటీ కోసం 2007లో మౌంటెన్‌టాప్ టెక్నాలజీస్ చేసిన అధ్యయనం అది. తుపాకిని ఎత్తుగా పైకి కాలిస్తే రైఫిల్ గుండే ఎక్కువ దూరం పోతుంది. కానీ వేటలో మామూలుగా జరిగినట్టు నేలకు సమాంతరంగా కాలిస్తే స్లగ్ నేలను తాకి ఎగిరి దూసుకుపోవడం వల్ల షాట్‌గన్‌కు అనుకున్నంత మేలు లేదని తేలింది. గుండు వెనక మట్టిగట్టు ఉందో లేదో చూసుకోకుండా ఏది కాల్చినా ప్రమాదమే.

అమెరికాలో ఉన్న తెలుగువారికి వేరే గడప కూడా ఉంది. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకి గానీ తూటా గానీ కలిగి ఉండటాన్ని సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న రాష్ట్ర వేట లైసెన్సు చేతిలో ఉన్నవారికి మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు తీరితే ఆ మినహాయింపు కూడా పోతుంది. స్నేహితుడి తుపాకిని సరదాగా పట్టుకుని కాల్చడం కూడా ఈ పరిధిలోకి రావచ్చు. పర్యవసానం వీసా మీద, గ్రీన్ కార్డు మీద పడుతుంది కాబట్టి దుకాణంలో చెప్పిన మాట మీద కాక వలస చట్టం తెలిసిన న్యాయవాది మాట మీద నడవాలి. లైసెన్సుతో పాటు శిక్షణ కూడా కావాలి. టెక్సస్‌లో వేటాడాలంటే, 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవారికి వేట శిక్షణ కోర్సు తప్పనిసరి. అదే టెక్సస్‌లో 1930ల్లో తెచ్చి వదిలిన మన చుక్కల దుప్పి ఇప్పుడు హిల్ కంట్రీలో మందలు మందలుగా తిరుగుతోంది. పరాయి జాతి కావడంతో దాని వేటకు సీజన్ హద్దు లేదు. నల్లమల అడవిలో చట్టం కాపాడే జంతువు అక్కడ ఏడాది పొడవునా వేట జంతువు.

తుపాకి రకం

ఈ భాగంలో అభిప్రాయభేదం తక్కువ. ఒక్కో తూటాకూ చేత్తో బోల్టు తిప్పి లాగే బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కే ఎక్కువ ఓట్లు. తూటా ఉందో లేదో కళ్లకు కనిపిస్తుంది, శుభ్రం చేయడం తేలిక, గురి బాగుంటుంది. 2010 తరవాత రూగర్ అమెరికన్, శావేజ్ ఆక్సిస్ వంటి చవక రకాలు రావడంతో మంచి గురికి పెద్ద ఖర్చు అక్కర్లేకుండా పోయింది. మిగిలిన డబ్బు స్కోప్‌కూ తూటాలకూ పెట్టడమే తెలివైన పని. ఒక్క తూటా మాత్రమే పట్టే, మధ్యకు మడిచే తుపాకిని ఇష్టపడే శిక్షకులు కూడా ఉన్నారు. రెండో అవకాశం లేదని తెలిస్తే మొదటిది ఒళ్లు దగ్గర పెట్టుకుని కాలుస్తారని వారి నమ్మకం. లివర్ రైఫిల్ అడవిలో హాయిగా ఉంటుంది కానీ తుపాకి గుర్రాన్ని (హ్యామర్‌ను) సగం దించి ఉంచే పద్ధతి కొత్త చేతులకు జాగ్రత్త కోరుతుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

దట్టమైన అడవి, నూరు గజాల లోపు దూరం అయితే .30-30కు ఇప్పటికీ పోటీ లేదు. తక్కువ తన్ను, జింకకు సరిపడా బలం, దాదాపు ప్రతి ఊళ్లో దొరికే తూటా. పొలాల అంచులు, కరెంటు తీగల కింద నరికిన దారులు వంటి బయలు ప్రదేశాల్లో రెండు వందల గజాల దాకా కాల్చాల్సి వస్తే 7మి.మీ.-08, 6.5 క్రీడ్‌మోర్ ముందుంటాయి. ఈ రెండిట్లో తన్ను, బలం దాదాపు సమానం. క్రీడ్‌మోర్ తూటా ఎక్కువ దుకాణాల్లో దొరుకుతుంది, ఆ ఒక్క కారణమే కొత్తవారికి చాలు. చిన్నపాటి శరీరం ఉన్నవారికి, తన్నంటే భయం ఉన్నవారికి .243, అయితే 90 నుంచి 100 గ్రెయిన్ల గట్టి గుండుతో, భుజం వెనక దెబ్బకే పరిమితమై. రేపు ఎల్క్‌నో ఎలుగునో వేటాడాలన్న ఆలోచన ఉన్నవారికి .308. .300 మాగ్నమ్ మాత్రం తొలి తుపాకిగా ఏ కోణంలో చూసినా సరికాదు. అది కొత్తవారికి అమ్మే దుకాణదారు జింకకూ కొన్నవారికీ అన్యాయం చేస్తున్నట్టే.

2020, 2021లలో తూటాల కరువు వచ్చినప్పుడు ఇంకో పాఠం నేర్చుకున్నారు. ఎంత గొప్ప తుపాకి అయినా తూటా దొరక్కపోతే సాధన ఆగిపోతుంది. వేటకు వాడబోయే తూటానే కనీసం రెండు పెట్టెలు, ఒకే రకంవి, వేసవిలోనే కొనిపెట్టుకోవాలి. రకం మారితే గుండు పడే చోటు కూడా మారుతుంది.

ఇంకా తేలనివి

.223 తగునా అన్నది మొదటి ప్రశ్న. తన్ను నామమాత్రం, గురి సులువు, బరువైన మంచి గుండ్లు ఇప్పుడు దొరుకుతున్నాయని ఒక పక్షం. చిన్న రంధ్రం వల్ల రక్తపు జాడ పడక గాయపడిన జింకను వెతకడం కష్టమని ఇంకో పక్షం. రాష్ట్రాల చట్టాలే రెండుగా చీలి ఉండగా ఈ వాదన త్వరలో తెగేలా లేదు. ప్రస్తుతానికి కొత్తవారికి వెసులుబాటు తక్కువన్న రెండో పక్షమే న్యాయంగా తోస్తుంది.

రెండోది దూరం. కొత్త తూటాలు, లేజర్ దూరమాపకాలు వచ్చాక ఐదు వందల గజాల నుంచి జింకను కొట్టే వీడియోలు మామూలయ్యాయి. మూడు వందల గజాల దగ్గరే, గంటకు పది మైళ్ల పక్కగాలికి .308 గుండు దాదాపు ఏడంగుళాలు పక్కకు జరుగుతుంది. జింక ఛాతీలో ప్రాణాధారమైన భాగం వెడల్పు ఎనిమిదంగుళాలకు మించదు. మధ్యలో పెట్టిన గురి అంచు దాటి పొట్టలోకి జారుతుంది. 1887లో థియొడోర్ రూజ్‌వెల్ట్ నెలకొల్పిన బూన్ అండ్ క్రోకెట్ క్లబ్ వంటి పాత సంస్థలు దూరపు కాల్పులను న్యాయమైన వేటగా ఒప్పుకోవడానికి సందేహిస్తున్నాయి. పరికరాలు అమ్మేవారి ప్రచారం మాత్రం అటే లాగుతోంది.

అన్నిటికన్నా బరువైనది సీసం సంగతి. సీసపు గుండు తగిలినచోట చిన్న చిన్న తునకలుగా చెదిరి, కంటికి కనపడనంత నలుసులు మాంసంలోకి పాకుతాయి. 2008లో నార్త్ డకోటాలో దానంగా ఇచ్చిన జింక మాంసం పొట్లాలను స్కాన్ చేసినప్పుడు చాలావాటిలో లోహపు తునకలు కనబడ్డాయి. అదే ఏడాది 738 మంది మీద జరిగిన ప్రభుత్వ పరిశీలనలో వేట మాంసం తినేవారి రక్తంలో సీసం తిననివారికన్నా కొంచెం ఎక్కువగా ఉందని తేలింది. తేడా చిన్నదేనని వేటగాళ్ల సంఘాలు గుర్తుచేస్తాయి, అది నిజమే. పిల్లలకు, గర్భిణులకు సీసంలో సురక్షితమైన మోతాదంటూ లేదని వైద్యులు గుర్తుచేస్తారు, అదీ నిజమే. అడవిలో వదిలిన పేగులను తిని కాలిఫోర్నియా కాండర్ రాబందులు చనిపోవడం మీద మాత్రం పెద్దగా వివాదం లేదు. ఆ రాష్ట్రం 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. మిగతా రాష్ట్రాలు ఎక్కువగా స్వచ్ఛందంగా మారమంటున్నాయి. రాగి గుండుకు ఖరీదు ఎక్కువ, కొన్ని పాత రైఫిళ్లలో గురి కుదరదు, వేగం తగ్గాక సరిగా విచ్చుకోదు. ఇవి ఉత్త సాకులు కావు, నిజమైన ఇబ్బందులే.

ఈ ఇబ్బందుల్లో చాలావరకు పాత వేటగాళ్లవి. అలమరా నిండా సీసపు తూటాల పెట్టెలు, వాటికే కుదిర్చిన గురి ఉన్నవారు మారడం కష్టం. ఈ ఏడాదే రైఫిల్ కొంటున్నవారికి ఆ బరువేమీ లేదు. కొత్త గొట్టానికి మొదటి రోజే రాగి గుండుతో గురి కుదుర్చుకోవచ్చు. గుండు బాగా విచ్చుకునేది రెండు వందల గజాల లోపు కనుక కాల్పును ఆ దూరానికే పరిమితం చేసుకోవచ్చు. సీజన్‌కు నలభై తూటాలు కాల్చే మనిషికి అదనపు ఖర్చు పెద్దదేం కాదు. ఇంట్లో ఆ మాంసం తినే పిల్లలుంటే చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.